పద్నాలుగేళ్ళ పిల్లని ఎక్సెటర్‌కి పంపనా, ఫ్రిస్కోలోనే ఉంచుకోనా?

ఉత్తరం:

అక్కా, నమస్తే. మాది నరసరావుపేట, ఇప్పుడు టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి. వాళ్ళ ఇంగ్లిష్ టీచర్ చెప్పిందని న్యూ హ్యాంప్‌షైర్‌లో ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీ అనే బోర్డింగ్ స్కూల్‌కి అప్లై చేసింది. వస్తుందని మాలో ఎవ్వరం అనుకోలేదు, మార్చి 10న వచ్చేసింది. ఏప్రిల్ 10 లోపు ఏదో ఒకటి చెప్పెయ్యాలి. మా ఆయనకైతే ఆ రోజు నుంచి కాళ్ళు నేల మీద ఆనడం లేదు, ఇక హార్వర్డ్ ఖాయం అంటున్నారు. మా అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఆవిడ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "ఆడపిల్లని పద్నాలుగేళ్ళకే హాస్టల్లో పడేస్తారా, కన్నవాళ్ళకి బరువైపోయిందా" అని ఒకటే గొడవ. నేను ఇంటర్ రెండేళ్ళూ హాస్టల్లో ఉండి చదివాను, అది గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. పైగా మా పిల్ల మాటకారి కాదు, పుస్తకం ఇస్తే పూటంతా కదలదు కానీ నలుగురిలో నోరు విప్పదు. ఆ స్కూల్లో అందరూ టేబుల్ చుట్టూ కూర్చుని మాట్లాడాల్సిందేనట. ఫీజు 60 వేల డాలర్ల పైనే, కొంత సాయం ఇచ్చారు, మిగిలింది బిగించుకుంటే కట్టగలం, కానీ చిన్నవాడు కూడా ఉన్నాడు. ఫలితం వచ్చిన రోజు "అమ్మా, నాకు వెళ్ళాలని ఉంది" అంది, ఆ తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

చెల్లీ, నువ్వు అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నన్నడిగితే పంపమనే అంటాను. కానీ మీ ఆయన చెప్పే కారణానికి కాదు, ఇంకా ఒక పని చెయ్యకుండా కూడా కాదు. ఆ పనేంటో చివర్లో చెప్తాను, ముందు నీ భయాల సంగతి చూద్దాం.

మనలాంటి వాళ్ళకి హాస్టల్ అనగానే ఒళ్ళు ఎందుకు జలదరిస్తుందో నాకు తెలుసు. నేను రెండు రకాల హాస్టళ్ళలో ఉన్నాను. మన దగ్గర 1971లో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్గొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకులం వచ్చింది, ఆ మరుసటేడు తాడికొండ, కొడిగెనహళ్ళి వచ్చాయి. అలాంటి ఒక గురుకులంలో నేను ఎనిమిది నుంచి పది దాకా చదివాను. ట్రంకుపెట్టె, స్టీలు కంచం, గ్లాసు, రెండు దుప్పట్లు, అంతే సామాను. మొదటి నెలంతా ఏడ్చాను. కానీ మా తెలుగు మాస్టారి ఇల్లు ఆ కాంపౌండ్‌లోనే ఉండేది, సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుంటే మేం చుట్టూ చేరి సిలబస్‌లో లేనివి అడిగేవాళ్ళం, ఆయన ఓపిగ్గా చెప్పేవారు. నేను ఈ రోజు నాలుగు వాక్యాలు రాయగలుగుతున్నానంటే అది ఆ అరుగు చలవే.

తర్వాత ఇంటర్ ఒక కార్పొరేట్ రెసిడెన్షియల్ కాలేజీలో. పేరు వద్దు, నువ్వు చదివింది కూడా అలాంటిదే అయ్యుంటుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి బెల్లు, స్టడీ అవర్, క్లాసు, స్టడీ అవర్, వారం చివర టెస్టు, సోమవారం గోడ మీద ర్యాంకుల లిస్టు. ఆదివారం కాయిన్ బాక్స్ ఫోన్ దగ్గర గంటసేపు లైన్లో నిలబడితే మా అమ్మ గొంతు వినిపించేది. "తిన్నావా" అనేది, "తిన్నా" అనేదాన్ని, ఇంకా ఏదో చెప్దామనుకునేలోపు వెనకాల అమ్మాయి రూపాయి బిళ్ళతో బాక్స్ మీద టకటకా కొట్టేది. రెండేళ్ళలో ఆ కాలేజీలో ఒక్క లెక్చరర్‌కైనా నా పేరు తెలుసో లేదో నాకిప్పటికీ అనుమానమే, నా రోల్ నంబరు మాత్రం అందరికీ తెలుసు.

నువ్వు ఎక్సెటర్ అని చదివినప్పుడల్లా నీ కడుపులో తిరుగుతున్నది ఈ రెండో రకం హాస్టల్. ఆ స్కూల్ దానికి పూర్తిగా వేరు. స్వర్గం అని చెప్పను, అక్కడా పిల్లలు ఏడుస్తారు, అక్కడా చదువు ఒత్తిడి గట్టిగానే ఉంటుంది, కొన్ని శనివారాలు కూడా క్లాసులుంటాయి. కానీ టీచర్లలో చాలామంది కుటుంబాలతో సహా ఆ డార్మ్ (అంటే హాస్టల్) బిల్డింగుల్లోనే కాపురం ఉంటారు. రాత్రి చెక్-ఇన్ టైముకి పిల్ల వచ్చి కనపడాల్సింది వాళ్ళకే. ప్రతి పిల్లకీ ఒక అడ్వైజర్ ఉంటారు. అంటే నా మాస్టారి అరుగు లాంటిది అక్కడ ఏర్పాటులోనే ఉంది, అదృష్టం బాగుంటే దొరికేది కాదు.

స్కూల్ సంగతి కొంచెం చెప్తాను, ఎందుకంటే మీ ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళూ మూడు వేరే స్కూళ్ళని ఊహించుకుని దెబ్బలాడుకుంటున్నారు. ఎక్సెటర్ పదహారు వేల జనాభా ఉన్న ఊరు, బోస్టన్‌కి ఉత్తరంగా కారులో గంట. బోస్టన్ నుంచి రైలు కూడా ఉంది. జాన్ ఫిలిప్స్, ఎలిజబెత్ ఫిలిప్స్ అనే దంపతులు 1781లో పెట్టారు, అప్పటికి అమెరికాకి రాజ్యాంగం కూడా లేదు. ఆయన అన్న కొడుకు శామ్యూల్ ఫిలిప్స్ దానికి మూడేళ్ళ ముందే మాసాచుసెట్స్‌లోని యాండోవర్‌లో ఇంకో స్కూల్ పెట్టాడు, అందుకే రెండింటికీ ఫిలిప్స్ పేరు. రెండూ ఇప్పటికీ పోటీ పడుతూనే ఉంటాయి. స్కూల్ పెట్టినప్పుడు రాసిన దానపత్రంలో ఒక మాట ఉంది, జ్ఞానం లేని మంచితనం బలహీనం, మంచితనం లేని జ్ఞానం ప్రమాదం, రెండూ కలిస్తేనే గొప్ప వ్యక్తిత్వం అని. మీ అత్తయ్యగారికి ఈ ముక్క తెలుగులో చెప్పు, మన పెద్దవాళ్ళు ఎప్పుడూ అనేదే కదా ఇది.

కాలేజ్ ప్రిపరేటరీ స్కూల్ అనే మాట విని మీ ఆయన హార్వర్డ్‌కి టికెట్ అనుకుంటున్నారు. ఆ మాటకి అసలు అర్థం ఏంటో చెప్పే కథ ఒకటుంది. అబ్రహాం లింకన్ పెద్దకొడుకు రాబర్ట్ 1859లో హార్వర్డ్ ఎంట్రన్స్ రాసి పదహారు సబ్జెక్టుల్లో పదిహేను తప్పాడు. మన భాషలో చెప్పాలంటే ఆ తర్వాత ఎక్సెటర్‌లో ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకున్నాడు, 1860లో హార్వర్డ్‌లో సీటు వచ్చింది. కొడుకుని చూడ్డానికి లింకన్ ఆ ఏడాది మార్చి మొదట్లో అక్కడికి వెళ్ళాడు, న్యూయార్క్‌లో కూపర్ యూనియన్ ప్రసంగం చేసిన నాలుగైదు రోజులకే. అక్కడి టౌన్‌హాల్లో మాట్లాడాడు, చుట్టుపక్కల ఊళ్ళలోనూ మాట్లాడాడు, ఆ సంవత్సరం చివరికి అమెరికా అధ్యక్షుడిగా గెలిచాడు. కొడుకు చదువు చూసుకోవడానికి వెళ్ళిన తండ్రి ఆ ప్రాంతంలో పేరు సంపాదించుకుని వచ్చాడన్నమాట. సరే, నేను చెప్పదలచుకున్నది ఏంటంటే, అప్పట్లో ఆ స్కూల్ పని నిజంగానే కాలేజీకి తయారు చెయ్యడం, లాటిన్, గ్రీకు, లెక్కలు నూరిపొయ్యడం. ఇప్పుడు అక్కడ జరుగుతున్నది వేరు.

ఆ మార్పు 1930లో వచ్చింది. ఎడ్వర్డ్ హార్క్‌నెస్ అనే కోటీశ్వరుడు 58 లక్షల డాలర్లు ఇచ్చాడు, ఒక షరతు మీద. వరసల్లో బెంచీలు, ముందు బల్ల, ఆ బల్ల వెనకాల టీచర్, ఆ పద్ధతి పోవాలి, పిల్లలు టీచర్‌తో పాటు ఒకే టేబుల్ చుట్టూ కూర్చోవాలి, బాగా చదివేవాడే కాదు, నోరు విప్పడానికి జంకేవాడు కూడా మాట్లాడాలి. అప్పట్నుంచి అక్కడ కోడిగుడ్డు ఆకారంలో పెద్ద చెక్క టేబుళ్ళు, చుట్టూ పన్నెండు మంది వరకు పిల్లలు, ఒక టీచర్. దాన్ని హార్క్‌నెస్ టేబుల్ అంటారు. ప్రతి సీటు దగ్గర టేబుల్ కిందనుంచి లాగితే బయటికొచ్చే చిన్న పలక ఉంటుంది, పరీక్ష రాసేటప్పుడు దాని మీద పెట్టుకుని రాస్తారు. ఇంగ్లిష్, చరిత్ర మాత్రమే కాదు, లెక్కలు, సైన్సు కూడా ఈ టేబుల్ దగ్గరే.

జంకేవాడు కూడా మాట్లాడాలి అని పైన రాశాను చూడు, అది నీ కూతురి కోసమే రాశాను.

మూడేళ్ళ కిందట మా తమ్ముడి కొడుకుని తీసుకుని నేను ఆ క్యాంపస్ చూడ్డానికి వెళ్ళాను. అక్టోబర్, సన్నగా వాన. ఒక ఇంగ్లిష్ క్లాసులో వెనకాల కుర్చీలో కూర్చోనిచ్చారు. ఏదో కథ చదువుకుని వచ్చారు పిల్లలు, దాని మీద మాటలు. టీచర్ ముందు ఒక తెల్లకాగితం ఉంది, దాని మీద టేబుల్ బొమ్మ గీసి చుట్టూ పిల్లల పేర్లు రాసుకున్నాడు. ఎవరు ఎవరికి జవాబు చెప్తే వాళ్ళిద్దరి మధ్య ఒక గీత గీస్తున్నాడు, ఆయన మాత్రం నోరు మెదపడం లేదు. ఇద్దరు మగపిల్లలు గడగడా మాట్లాడేస్తున్నారు, కాగితం మీద వాళ్ళిద్దరి మధ్యా గీతలు దట్టంగా పడుతున్నాయి. కిటికీ వైపు కూర్చున్న ఒక అమ్మాయి అరగంట దాకా ఒక్క మాట మాట్లాడలేదు, పుస్తకం మార్జిన్లో పెన్సిల్‌తో ఏదో రాసుకుంటోంది. నాకైతే టెన్షన్ వచ్చేసింది, పాపం ఈ పిల్ల సంగతేంటి అని. అప్పుడు ఆ గడగడా మాట్లాడే పిల్లల్లో ఒకడు ఆగి, ఆ అమ్మాయి వైపు తిరిగి, నువ్వేదో రాసుకుంటున్నావు, ఏంటది అని అడిగాడు. ఆ అమ్మాయి ఒక్క వాక్యం చదివింది. కథలో తల్లి పాత్రకి పేరే లేదు, మనం ఇంతసేపూ ఎవరం దాన్ని గమనించలేదు, అంది. అంతే, క్లాసంతా చప్పుడు లేదు, ఒక్కసారిగా అందరూ పేజీలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టారు. టీచర్ కాగితం మీద ఆ అమ్మాయి పేరు నుంచి ఒకేసారి ఆరేడు గీతలు పడ్డాయి.

నోరు విప్పని పిల్లకి ఆ టేబుల్ శిక్ష అని నువ్వు అనుకుంటున్నావు. అవ్వచ్చు కూడా, మొదటి టర్మ్ కష్టంగానే ఉంటుంది, ఆ మాట దాచను. గ్రేడ్‌లో మాట్లాడటానికి కూడా వాటా ఉంటుంది. అయితే అక్కడ వినడం కూడా నేర్పుతారు, ఎక్కువ మాట్లాడే పిల్లకి ఆగడం నేర్పినట్టే తక్కువ మాట్లాడే పిల్లకి చోటు చేసివ్వడం నేర్పుతారు. పూటంతా పుస్తకంతో కూర్చునే పిల్ల దగ్గర చెప్పడానికి చాలా ఉంటుంది చెల్లీ, మూడొందల మంది ఉన్న హాల్లో దాన్ని అడిగేవాళ్ళు లేక నోరు విప్పదు. పదకొండు మంది మధ్య సంగతి వేరు.

లెక్కల గురించి ఒక ముక్క, మనవాళ్ళకి అదే కదా ముఖ్యం. అక్కడ లెక్కలకి టెక్స్ట్‌బుక్ ఉండదు. వాళ్ళ టీచర్లే తయారు చేసిన ప్రాబ్లమ్స్ కట్ట ఉంటుంది, చాప్టర్లు ఉండవు, ముందు సూత్రం చెప్పి తర్వాత అలాంటివే ఇరవై ఇవ్వడం ఉండదు. రాత్రి డార్మ్‌లో కొన్ని ప్రయత్నం చేసుకుని వస్తారు, పొద్దున గది చుట్టూ ఉన్న బోర్డుల మీద తలా ఒకటి చేసి మిగతావాళ్ళకి వివరిస్తారు. తప్పు చేసినా బోర్డు మీదే చేస్తారు, ఎక్కడ తప్పిందో పక్కపిల్ల చెప్తుంది. ఆ ప్రాబ్లమ్స్ ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఈ వారం ఒక పది పేజీలు ప్రింట్ తీసి మీ అమ్మాయికివ్వు, నువ్వు పక్కన కూర్చోవద్దు, వంటింట్లోకి వెళ్ళిపో. అరగంట తర్వాత చూడు, విసుక్కుంటోందా, పెన్సిల్ కొరుకుతూ అక్కడే ఉందా అని. ఇది పాస్, ఫెయిల్ అని పెట్టే పరీక్ష కాదు, ఆ పద్ధతి పిల్లకి నచ్చుతుందా లేదా అన్నది తెలుస్తుంది.

ఇక మీ ఆయన సంగతి. మరిదిగారికి నేను చెప్పానని చెప్పు. మార్క్ జుకర్‌బర్గ్ అక్కడే చదివాడు, 2002లో బయటికొచ్చి హార్వర్డ్‌కే వెళ్ళాడు, నిజమే. కానీ అలాంటి పిల్లలందరూ ఒకే చోట చేరితే ఏమవుతుంది? ఫ్రిస్కోలో మీ అమ్మాయి తన స్కూల్లో పైన ఉండే నలుగురైదుగురిలో ఒకత్తె అవ్వచ్చు, ఎక్సెటర్‌లో మధ్యలో ఎక్కడో ఉండొచ్చు, ఒక్కో పెద్ద యూనివర్సిటీ ఒకే స్కూల్ నుంచి అందర్నీ తీసుకోదు. ఆ స్కూళ్ళ నుంచి హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ యూనివర్సిటీలకి వెళ్ళేవాళ్ళలో తాతతండ్రులు అక్కడే చదివినవాళ్ళు, ఆటల్లో సీటు వచ్చినవాళ్ళు కూడా ఉంటారు, ఆ లెక్కలో మన పిల్లల్ని కలుపుకోకూడదు.

ఇంకో సంగతి మీరు ఆలోచించారో లేదో. టెక్సాస్‌లో హైస్కూల్ చదివినవాళ్ళకి, స్కూల్లో టాప్ ర్యాంకుల్లో ఉంటే ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో ఆటోమేటిక్‌గా సీటుంది. ఇన్నాళ్ళూ అది టాప్ 6 శాతం, 2026 ఫాల్ (ఆకులు రాలే కాలం) నుంచి టాప్ 5 శాతం. న్యూ హ్యాంప్‌షైర్‌లో హైస్కూల్ పూర్తి చేసిన పిల్లకి ఆ దారి ఉండదు, అందరితో పాటే అప్లై చేసుకోవాలి. అయితే ఆ 5 శాతం కోసం ఫ్రిస్కోలో మన పిల్లలు ఏం పడుతున్నారో నీకు తెలియంది కాదు, జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, పడిపోతుందేమోనని ఇష్టమైన మ్యూజిక్ క్లాసు మానేసి, ఇష్టం లేని ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) క్లాసు తీసుకునే పిల్లలు నాకు తెలుసు. అంటే కాలేజీ సీటు లెక్కే ముఖ్యమైతే ఫ్రిస్కోలో ఉండటమే తెలివైన పని కావచ్చు, ఈ మాట మీ ఆయనకి గట్టిగా చెప్పు. నాలుగేళ్ళ తర్వాత హార్వర్డ్ రాలేదనుకో, ఇంత డబ్బు పోసి ఇంత దూరం పంపితే అని ఒక్క మాట ఆయన నోటి నుంచి వస్తే ఆ పిల్ల జన్మలో మర్చిపోదు. ఆ మాట రాకుండా ఉంటుందంటేనే పంపాలి. నాలుగేళ్ళు ఆ టేబుల్ దగ్గర కూర్చోవడమే మాకు కావలసింది, తర్వాత ఏ కాలేజీ అయినా సరే అని ఆయన మనస్ఫూర్తిగా అనగలగాలి.

అత్తయ్యగారి మాట తేలిగ్గా తీసుకోవద్దు. ఆవిడకి తెలిసిన లోకంలో ఆడపిల్ల ఇల్లు వదిలితే ఏం జరుగుతుందో ఆవిడకి తెలుసు, ఆ భయంలో నిజం లేకపోలేదు. 2016లో ఎక్సెటర్ స్కూలే బయటికి చెప్పింది, అక్కడ పనిచేసిన టీచర్ ఒకరు దశాబ్దాల కిందట విద్యార్థినులతో తప్పుగా ప్రవర్తించారని. ఆ తర్వాత ఇంకొన్ని బయటపడ్డాయి, న్యూ ఇంగ్లండ్ అనే ఆ ఈశాన్య రాష్ట్రాల్లో ఇలాంటి పేరున్న బోర్డింగ్ స్కూళ్ళు ఇంకొన్నిటిలోనూ ఇదే జరిగింది. ఇది దాచి నిన్ను పంపమని చెప్పలేను. అక్కడికి వెళ్ళినప్పుడు మొహమాటపడకుండా అడుగు, అప్పటి నుంచి ఏం మార్చారు, పిల్లకి ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పుకోవాలి, స్కూల్‌కి సంబంధం లేని మనిషి ఎవరైనా ఉన్నారా, డార్మ్‌లో పెద్దవాళ్ళు ఏ టైమ్‌లో ఎక్కడుంటారు అని. జవాబు సూటిగా చెప్పారా, బ్రోషర్ భాషలో చెప్పారా అన్నది నీకే తెలిసిపోతుంది. ఇంటి దగ్గర పిల్లతో కూడా మాట్లాడు. ఏం జరిగినా, అది తన తప్పని తనకనిపించినా సరే, అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యొచ్చని, అరవకుండా వింటావని. ఫ్రిస్కోలో ఉన్నా ఈ మాట చెప్పాల్సిందే అనుకో.

అత్తయ్యగారికి ఇంకో సంగతి చెప్పొచ్చు. ఆ స్కూల్ పెట్టిన దగ్గర్నుంచి దాదాపు రెండొందల ఏళ్ళు ఆడపిల్లల్ని రానివ్వలేదు, 1970లోనే తీసుకోవడం మొదలుపెట్టారు. మెయిన్ బిల్డింగ్ గుమ్మం మీద లాటిన్‌లో, అబ్బాయిలూ ఇక్కడికి రండి, మగవాళ్ళు కండి అని చెక్కి ఉండేది. 1996లో ఇంకో వాక్యం చేర్చారు, అబ్బాయిలూ అమ్మాయిలూ, మంచితనాన్నీ జ్ఞానాన్నీ ఇక్కడ వెతుక్కోండి అని. నీ కూతురు నడిచి వెళ్ళేది ఆ గుమ్మంలోంచే.

డబ్బు సంగతి పొడిగా చెప్తాను. ఎక్సెటర్‌లో ఏడాదికి 1,25,000 డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకి చదువు ఉచితం, 2021 నుంచి అడ్మిషన్ ఇచ్చేటప్పుడు ఫీజు కట్టగలరా లేదా అన్నది చూడటం లేదు. మీకు ఆ ఉచితం వర్తించలేదని అర్థమైంది, చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుందని రాశాను. మీకిచ్చిన సాయం నాలుగేళ్ళూ అలాగే ఉంటుందనుకోవద్దు, ఏటా మళ్ళీ ఫారాలు నింపాలి, ఆదాయం మారితే అది మారుతుంది. ఉద్యోగం పోతే ఏం చేస్తారు అని ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుని ఇప్పుడే అడగండి, ఐటీ రంగంలో ఉన్నవాళ్ళకి అది ఊహకందని ప్రశ్న కాదు. రిటైర్మెంట్ డబ్బు ముట్టుకోవాల్సి వస్తుందంటే, లేదా చిన్నవాడి కాలేజీ కోసం దాచింది తియ్యాల్సి వస్తుందంటే, నేను వద్దనే అంటాను. అక్క కోసం నా చదువుకి కోత పెట్టారు అని ఆ పిల్లాడు అనుకోకూడదు.

చలి గురించి ఎవ్వరూ చెప్పరు, నేను చెప్తాను. ఫ్రిస్కో పిల్లకి న్యూ హ్యాంప్‌షైర్ డిసెంబరు అంటే సాయంత్రం నాలుగుంపావుకే చీకటి, మంచు, తడిసిన బూట్లు. వాళ్ళకి మూడు టర్ములు, అందులో జనవరి, ఫిబ్రవరి నెలలు ఉన్న టర్మ్ అన్నిటికన్నా బరువు, కొత్త పిల్లలు ఎక్కువగా డీలా పడేది అప్పుడే. స్కూల్ వాళ్ళు ఫాల్‌లో తల్లిదండ్రుల్ని పిలిచినప్పుడు అందరూ వెళ్తారు, ఆకులన్నీ ఎర్రగా అందంగా ఉంటాయి, ఫోటోలు బాగా వస్తాయి. నువ్వు మాత్రం ఒక్క ట్రిప్ ఫిబ్రవరికి దాచుకో. డాలస్ నుంచి బోస్టన్‌కి నాలుగు గంటలు, అక్కడ్నుంచి కారులో గంట. పప్పుచారు, వంకాయ కూర చేసి పెట్టేందుకు కిచెన్ ఉన్న గది తీసుకో, రెండు రోజులు పిల్లని నిద్రపోనివ్వు. డైనింగ్ హాల్లో శాకాహారం దొరుకుతుంది, అన్నం దొరుకుతుంది, కారం దొరకదు. కందిపొడి, గోంగూర పచ్చడి చిన్న సీసాలో పంపు, పెద్ద సీసా పంపితే డార్మ్‌లో అందరికీ పంచి వారంలో అయిపోయిందని ఫోన్ చేస్తుంది, నా మేనల్లుడు వేరే స్కూల్లో ఉండగా అచ్చం అదే చేశాడు.

ఎన్నాళ్ళు ఇంట్లో ఉంటుంది అని లెక్కేసుకుంటున్నావు కదా, నాకు తెలుసు. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్, మార్చి సెలవులు, వేసవి మూడు నెలలు, అన్నీ కలిపితే ఏడాదికి నాలుగు నెలల పైనే నీ దగ్గర ఉంటుంది. కానీ పోయేది ఆ ఎనిమిది నెలలు కాదు చెల్లీ. పోయేది మంగళవారం సాయంత్రాలు. బ్యాగు సోఫా మీద పడేసి ఫ్రిజ్ తలుపు తీసి నిలబడి, ఏమీ లేదంటూనే ఏదో ఒక సంగతి చెప్పడం, నువ్వు కూర తరుగుతూ వినడం. అది ఫోన్లో రాదు, సెలవుల్లో కూడా సరిగ్గా రాదు. పంపితే అది పోతుంది, దానికి నువ్వు ఏడుస్తావు, ఏడవడం తప్పు కాదు. నీ ఏడుపు చూసి పిల్ల వెళ్ళడం మానేస్తే మాత్రం తప్పు.

ఇప్పుడు ఆ పని సంగతి. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో మీ ఆయన మాట ఉంది, అత్తయ్యగారి మాట ఉంది, నీ ఇంటర్ హాస్టల్ ఉంది, చిన్నవాడు ఉన్నాడు. పిల్లది ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం అన్న రోజు నుంచి ఆ ఇంట్లో ఏం జరిగిందో చూడు, నాయనమ్మ అన్నం మానేసింది, నాన్న హార్వర్డ్ అని గంతులేశాడు, అమ్మ కళ్ళు తుడుచుకుంది. ముగ్గుర్నీ చూసి పిల్ల నోరు మూసుకుంది. మాటకారి కాని పిల్ల ధైర్యం చేసి ఒక్క మాట అంటే ఇంత జరిగింది, ఇంక మళ్ళీ ఎందుకు ఎత్తుతుంది?

అడ్మిషన్ వచ్చిన పిల్లల్ని గడువు లోపే క్యాంపస్‌కి పిలుస్తారు, క్లాసుల్లో కూర్చోనిస్తారు. టికెట్లు కొనండి. వీలైతే అత్తయ్యగారిని కూడా తీసుకెళ్ళండి, ఆవిడ డార్మ్ గది, బాత్రూమ్, తలుపు గడియ కళ్ళారా చూసుకోవాలి, అక్కడ కాపురముండే టీచరమ్మతో రెండు మాటలు మాట్లాడాలి, భాష రాకపోతే నువ్వు మధ్యలో చెప్పు. పిల్లని క్లాసులో వదిలి మీరు బయటికి రండి. తర్వాత అక్కడి లైబ్రరీకి వెళ్ళండి, లూయీ కాన్ కట్టింది, అహ్మదాబాద్ ఐఐఎం కట్టినాయనే, 1971లో పూర్తయింది. బయట్నుంచి ఇటుకల డబ్బాలా ఉంటుంది, లోపలికి వెళ్ళి తలెత్తితే నాలుగు వైపులా కాంక్రీటు గోడల్లో ఆకాశమంత గుండ్రటి తెరపులు, వాటిలోంచి పుస్తకాల వరసలు. బయటి గోడ పొడుగునా కిటికీల దగ్గర చెక్క బల్లలు, ఒక్కొక్కరు కూర్చునేవి, బల్ల ఎదురుగా చిన్న కిటికీకి జరుపుకునే చెక్క తలుపు ఉంటుంది, వెలుగు కావాలంటే తెరుచుకోవచ్చు, ఎవరూ కనపడొద్దంటే మూసుకోవచ్చు.

అందులో ఒక బల్ల దగ్గర పిల్లని కూర్చోబెట్టి, మిగతావాళ్ళని కిందికి పంపెయ్యి. నువ్వొక్కత్తివే పక్కన ఉండి అడుగు, ఆ రోజు వెళ్ళాలని ఉంది అన్నావు కదా, ఇప్పుడేమంటావు అని. వెంటనే చెప్పదు. ఆ చెక్క తలుపు అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటుంది. చెప్పేదాకా నువ్వు మాట్లాడకు.